"ఇది నిజమేనా టీచర్?" – తెలుగు కథలో వాస్తవమూ వింతా కలిసి నడిచిన దారి



మన శనివారం బడిలో కథ చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒక పిల్లో పిల్లాడో చెయ్యెత్తి అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇది నిజమేనా టీచర్?" మొదటి రెండేళ్లు నేను దీనికి చాలా తేలిగ్గా జవాబు చెప్పేదాన్ని. "కాదమ్మా, కథ" అనేసి తర్వాతి వాక్యానికి వెళ్లిపోయేదాన్ని. నేను చదివింది ఎమ్మెస్సీ ఫిజిక్స్. నిజం, కాదు అనే రెండు డబ్బాలు నా బుర్రలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఆ డబ్బాల వల్ల ఒకసారి నేను చేసిన తప్పు ముందు చెప్పి, ఆ తర్వాత చరిత్రలోకి వెళ్తాను.

మూడో స్థాయి పిల్లలకి "మా అమ్మమ్మ" అనే అంశం మీద పది వాక్యాలు రాయమన్నాను. తొమ్మిదేళ్ల పాప ఒకామె ఇలా రాసింది: వాళ్ల అమ్మమ్మ పోయిన ఏడాది చనిపోయింది. కానీ ఆదివారం వీడియో కాల్ చేస్తే వెనకాల వరండాలో కుర్చీలో కూర్చునే ఉంటుంది. తాతయ్యకి కనబడదు, తనకి మాత్రం కనబడుతుంది. తను ఏం మాట్లాడినా అమ్మమ్మ తల ఊపుతూ వింటుంది. ఒత్తులు తప్పాయి, దీర్ఘాలు తప్పాయి. నేను వాటిని దిద్ది, కింద ఎర్ర పెన్నుతో "నిజంగా జరిగినవి మాత్రమే రాయాలి" అని రాశాను. మరుసటి వారం ఆ పాప మళ్లీ రాసి తెచ్చింది. అమ్మమ్మ పేరు, ఊరు పేరు, ఆమె మంచిది, పులిహోర బాగా చేసేది. ఒక్క అక్షర దోషం లేదు. ఒక్క ప్రాణమున్న వాక్యం కూడా లేదు. ఆ తర్వాత రెండు టర్ములు ఆ పిల్ల సొంతంగా ఏమీ రాయలేదు. బోర్డు మీదది ఎత్తి రాసుకోవడమే.

ఆ నోటుపుస్తకం నన్ను వదల్లేదు. మన సాహిత్యంలో నిజానికీ వింతకీ మధ్య గోడ ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టారు, అసలు కట్టారా అని చదవడం మొదలుపెట్టాను. ఆ చదువులో తేలింది మీ ముందు పెడుతున్నాను. చివర్లో తరగతిలో పనికొచ్చే నాలుగు మాటలు కూడా ఉన్నాయి.

గోడ లేని రోజులు

మన కథల మూలాలు వెతుక్కుంటూ పోతే గుణాఢ్యుడి దగ్గర ఆగుతాం. శాతవాహన రాజు కొలువులో ఉన్నాడని చెప్పే ఈ పండితుడు పైశాచీ ప్రాకృతంలో "బృహత్కథ" రాశాడంటారు. ఆ గ్రంథం మనకి దక్కలేదు. దాని కథలు 11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు సంస్కృతంలో రాసిన "కథాసరిత్సాగరం" వంటి పుస్తకాల్లో మిగిలాయి. గుణాఢ్యుడి గురించి చెప్పే కథే ఒక వింత. రాజు తన పుస్తకాన్ని తిరస్కరిస్తే, అతను అడవిలో నిప్పు రాజేసి, ఒక్కో పుట జంతువులకి చదివి వినిపిస్తూ మంటలో వేశాడట. జంతువులు మేత మానేసి కన్నీళ్లు పెట్టుకుంటూ విన్నాయట. రాజుకి తెలిసి పరిగెత్తుకొచ్చేసరికి ఏడు లక్షల శ్లోకాల్లో ఒక లక్షే మిగిలిందట.

దీన్ని చరిత్రగా తీసుకోలేం. కానీ ఇందులో ఉన్న బాధ ఎంత నిజమో చూడండి. పండితులు మెచ్చని భాషలో రాసినవాడికి దొరికిన అవమానం, వినేవాడు లేక కాలిపోయిన పుస్తకం. ఇంట్లో తెలుగు మాట్లాడితే జవాబు ఇంగ్లీషులో వచ్చే మనలాంటి వాళ్లకి ఈ కథ ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు.

"కథాసరిత్సాగరం"లోనే మనందరికీ తెలిసిన భేతాళుడి 25 కథలు ఉన్నాయి. రాజు శ్మశానానికి వెళ్లి చెట్టు మీది శవాన్ని భుజాన వేసుకుంటాడు. శవంలోని భేతాళుడు కథ చెప్పి, చివర్లో ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెప్తే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. చుట్టూ ఉన్నదంతా వింతే. కానీ అడిగే ప్రశ్న మాత్రం ఎప్పుడూ మనుషుల మధ్యది: ఎవరి త్యాగం గొప్పది? తప్పు ఎవరిది? న్యాయం ఏది? ఈ పద్ధతి మన పెద్దలకి బాగా నచ్చింది. 15వ శతాబ్దంలో కొరవి గోపరాజు "సింహాసన ద్వాత్రింశిక"ని తెలుగులో రాశాడు. అందులో సింహాసనం మెట్ల మీది 32 బొమ్మలు మాట్లాడతాయి. బొమ్మలు మాట్లాడటం వింత. రాజ్యం ఏలడానికి నీకేం అర్హత ఉందని అవి రాజుని నిలదీయడం మాత్రం పూర్తిగా ఈ లోకపు సంగతి.

16వ శతాబ్దానికి వస్తే పింగళి సూరన "కళాపూర్ణోదయం" ఉంది. ద్వారకలో కలభాషిణి అనే యువతి ఆకాశంలో విమానంలో పోతున్న రంభానలకూబరుల్ని చూసి, ఆ నలకూబరుడి మీద మనసు పడుతుంది. అక్కడినుంచి రూపాలు మారతాయి. ఒక దశలో అచ్చు ఒకేలా ఉండే ఇద్దరు రంభలు ఎదురుపడి నేనంటే నేనని పోట్లాడుకుంటారు. పసిపాప తన పూర్వజన్మ చెప్తుంది. ఇంత మాయలోనూ కథని నడిపేది ఏమిటి? అసూయ, ఆశ, ఇంకొకరిలా ఉండాలన్న తపన. అంతెందుకు, నారదుడంతటి వాడు కూడా తుంబురుడి సంగీతం మీద ఉడుక్కుంటాడు! కథని మధ్యలో మొదలుపెట్టి వెనక్కీ ముందుకీ నడిపిన తీరు చూసి, ఇది పద్యాల్లో ఉన్న నవల అని ఆధునిక విమర్శకులు అన్నారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. పెద్ద తరగతుల పిల్లలకి పరిచయం చేయడానికి అది ఒక దారి.

పండితుల కథల్లోనే కాదు, పల్లెల్లో పాడిన కథల్లోనూ ఇదే సంగతి. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు తల్లిని ఎత్తుకుపోతాడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. కొడుకు పెద్దవాడై వెతుక్కుంటూ వెళ్లి ఆ చిలకని పట్టుకుంటాడు. చిలకలో ప్రాణం అబద్ధమే కావచ్చు. అమ్మ కనబడకుండా పోతుందేమో అన్న పిల్లాడి భయం అబద్ధమా?

ఆ కాలపు శ్రోతలకి "ఇది నిజమా, కల్పనా" అన్నది పెద్ద ప్రశ్న కాదు. తొమ్మిది రసాల్లో అద్భుతం ఒకటి, భయానకం ఒకటి. శృంగారం, హాస్యం పక్కనే వాటికీ పీట వేశారు.

గోడ కట్టినాయన, గోడ దూకినాయన ఒకరే

ఆ పీట 19వ శతాబ్దంలో కదిలింది. అచ్చుయంత్రం, పత్రికలు, ఇంగ్లీషు నవలలు, సంఘసంస్కరణ అన్నీ ఒకేసారి వచ్చాయి. కందుకూరి వీరేశలింగం "రాజశేఖర చరిత్రము" 1878 నుంచి ఆయన పత్రికలో వచ్చి 1880లో పుస్తకమైంది. గోల్డ్‌స్మిత్ నవల స్ఫూర్తితో రాసిన దీన్ని తెలుగులో తొలి నవలల్లో ముఖ్యమైనదిగా చెప్తారు. కథ ధవళేశ్వరంలో మొదలవుతుంది. ఇంటికి వచ్చే బంధువులు, పొగిడి పబ్బం గడుపుకునేవాళ్లు, బంగారం చేసిస్తానని ఉన్న బంగారం కాస్తా ఊడ్చుకుపోయే బైరాగి. వీరేశలింగం గురి స్పష్టం. మంత్రాలు, భూతవైద్యాలు, స్వర్ణవిద్యలు ఇవన్నీ జనాన్ని ముంచే మోసాలని చూపించాలి. అందుకు ఆయనకి వాస్తవిక నవల అనే పనిముట్టు కావలసివచ్చింది.

ఇది చిన్న విషయం కాదు. చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో మన పల్లెల్లో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు మన కాలంలోనూ జరిగాయి. కథలోని మంత్రగత్తె వేరు, పక్కింటి ముసలమ్మని మంత్రగత్తె అనడం వేరు. ఈ తేడా తెలియకపోతే ప్రాణాలు పోతాయి. కనుక "దయ్యాల కథలు చెప్పి పిల్లలకి మూఢనమ్మకాలు నేర్పుతారా?" అని అడిగే తల్లిదండ్రుల ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోను.

అయితే అదే వీరేశలింగం "సత్యరాజా పూర్వదేశయాత్రలు" కూడా రాశారు. స్విఫ్ట్ "గలివర్ యాత్రలు" నమూనాగా రాసిన కథ ఇది. సత్యరాజు చేరిన ఒక దేశంలో పెత్తనమంతా ఆడవాళ్లది. చదువూ అధికారమూ వాళ్లవే. మగవాళ్లు ఇంటిపట్టున అణిగిమణిగి బతకాలి. ఇంకో చోట అతనికి మహాకాయులు ఎదురవుతారు. మూఢనమ్మకాల మీద యుద్ధం చేసిన మనిషికి ఈ వింతదేశం ఎందుకు కావలసివచ్చింది? ఆడపిల్లల చదువు గురించి ఆయన ఉపన్యాసాలు ఇచ్చారు, వ్యాసాలు రాశారు. విననివాళ్లు విననే లేదు. తారుమారైన దేశంలోకి తీసుకెళ్లి నిలబెడితే, "మగవాడికి ఇంత అన్యాయమా?" అని పాఠకుడే అంటాడు. అన్న మరుక్షణం తన ఇల్లు గుర్తొస్తుంది. వాస్తవం మీద దుమ్ము పేరుకుని కనబడనప్పుడు వింత దాన్ని తుడిచి చూపించింది.

ఒకే దారిలో రెండు ప్రయాణాలు

ఈ కాలంలోనే నాకు బాగా నచ్చిన జంట ఒకటుంది. మద్రాసు సుప్రీంకోర్టులో పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. దారిలో మజిలీలు, నీళ్ల వసతి, ఏ ఊళ్లో ఏం దొరుకుతుంది, మనుషుల అలవాట్లు, అన్నీ రాసుకుంటూ వెళ్లారు. అది 1838లో "కాశీయాత్ర చరిత్ర"గా అచ్చయింది. పూర్తి వాస్తవం.

20వ శతాబ్దం తొలినాళ్లలో, మధిర సుబ్బన్న దీక్షితులు "కాశీమజిలీ కథలు" రాశారు. మణిసిద్ధుడనే యతి కాశీకి నడిచిపోతూ, తోడుగా ఒక పశువుల కాపరి కుర్రాడిని తీసుకెళ్తాడు. కుర్రాడు పెట్టిన షరతు ఒకటే. మజిలీ చేసిన ప్రతిచోటా తాను ఏదైనా వింత చూసి అడిగితే, దాని వెనక కథ చెప్పాలి. అలా 12 భాగాలు నడిచింది ఆ ప్రయాణం. అదే కాశీ, అవే మజిలీలు, కాళ్ల నొప్పులూ వంట సరుకులూ కూడా అవే. కానీ ఒకరు చూసింది రాశారు. ఇంకొకరు చూసినదాని వెనక ఏం ఉండి ఉంటుందో ఊహించి రాశారు. ఒక జాతికి ఈ రెండు పుస్తకాలూ కావాలి. వీరాస్వామయ్య లేకపోతే 1830లో దారులు ఎలా ఉండేవో మనకి తెలియదు. దీక్షితులు లేకపోతే ఆ దారుల్లో నడుస్తూ జనం ఏం కలలు కన్నారో తెలియదు.

ఆ కలలు తర్వాత సినిమాకి పాకాయి. 1951 నాటి "పాతాళభైరవి" కథలో కాశీమజిలీల ఛాయ ఉంది. మాంత్రికుడికీ రాకుమారికీ మధ్య నిలబడింది ఎవరు? తోటమాలి కొడుకు. రాజుగారి కూతుర్ని పెళ్లి చేసుకోవాలంటే డబ్బు కావాలన్నది మాయ కాదు, లోకం. 1957లో అదే విజయా సంస్థ తీసిన "మాయాబజార్" అయితే మరీనూ. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు, జనం అల్లుకున్న కథ. ఘటోత్కచుడి మాయలన్నీ ఒక తెలుగు పెళ్లింట్లో జరుగుతాయి. ఆస్తి ఉన్నప్పుడు ఇస్తామన్న పిల్లని, ఆస్తి పోయాక ఇవ్వమనే మేనత్త మేనమామల గొడవ అది. విడిదింట్లో గోంగూర లేదని పేచీ కూడా పెడతారు! పిల్లలు రాక్షసుడి కోసం చూస్తారు, పెద్దవాళ్లు మేనరికం కోసం చూస్తారు.

ట్రఫాల్గర్ స్క్వేర్‌లో గంధర్వుడు

ఇప్పుడు మనం ఉంటున్న ఊరి సంగతి. విశ్వనాథ సత్యనారాయణ అనగానే "వేయిపడగలు" గుర్తొస్తుంది. 1930లలో రాసిన ఆ నవల ఒక పల్లె, ఒక జమీందారీ క్షీణించిన కథ. కానీ దాని గుండెలో వేయి పడగల పాము ఉంటుంది. ఊరి ధర్మాలు ఒక్కొక్కటీ పోతుంటే పడగలు ఒక్కొక్కటీ పోతుంటాయి. ఆయన చెప్పిన ధర్మాలన్నీ మనం ఒప్పుకోనక్కర్లేదు. ఒక ఊరు చచ్చిపోవడం ఎలా ఉంటుందో లెక్కలు చెప్పలేవని, అందుకు ఆ పాము కావాలని ఆయన గ్రహించారు.

ఆయనదే ఒక చిన్న నవల ఉంది, పేరు "హాహా హూహూ". ఒక పొద్దున లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఒక వింత జీవి కనబడుతుంది. గుర్రపు తల, మనిషి ఒళ్లు, పట్టుబట్టలు, నగలు. నగరమంతా గగ్గోలు. ఇదేమిటి, ఎక్కడినుంచి వచ్చింది, ఏ భాష మాట్లాడుతోంది? మనకైతే పేరు వినగానే తెలుస్తుంది. హాహా, హూహూ పురాణాల్లోని గంధర్వులు. గజేంద్రమోక్షంలో ఏనుగు కాలు పట్టుకున్న మొసలి శాపం పొందిన హూహువే.

ఇంగ్లీషు చదువుల పెత్తనాన్ని జీవితాంతం ప్రశ్నించిన రచయిత ఇలాంటి కథ ఎందుకు రాశాడో ఊహించడం కష్టం కాదు. అప్పటిదాకా తెల్లవాళ్లు మన దేశానికొచ్చి మనల్ని వింతగా చూసి పుస్తకాలు రాశారు. ఇక్కడ వింత వాళ్ల నడిబజారుకే వచ్చి నిలబడింది. ఆ స్తంభమూ సింహాలూ నిజం, వాటి మధ్య గంధర్వుడు అబద్ధం. ఎవరికి ఎవరు వింత అన్న ప్రశ్న మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. ఇదీ, తిక్కనా విష్ణుశర్మా కలలోకి వచ్చి ఒక తెలుగు లెక్చరర్‌ని ఇంగ్లీషు నేర్పమని అడిగే "విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు" కూడా ఇప్పుడు ఇంగ్లీషు అనువాదంలో ఒకే పుస్తకంగా దొరుకుతున్నాయి.

ఈ కథ సంగతి నాలుగో స్థాయి పిల్లలకి చెప్పి, "ఆ గంధర్వుడిని మొదట ఏం అడుగుతారు?" అన్నాను. ఒకడు వెంటనే, "వీసా ఉందా?" అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత ఇంకో పాప మెల్లగా, "వాడి పేరు ఎవరూ సరిగ్గా పలకరు కదా టీచర్" అంది. ఎవరూ నవ్వలేదు. ఆ గదిలో పేరు సరిగ్గా పలకబడని పిల్లలు పద్నాలుగు మంది ఉన్నారు. ఆ రోజు తెలుగులో జరిగినంత మాట్లాడుకోవడం ఏడాదంతా జరగలేదు.

భేతాళుడిని మోసిన హేతువాది

1947 జులైలో చక్రపాణి, నాగిరెడ్డి మద్రాసులో "చందమామ" మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని నడిపించింది కొడవటిగంటి కుటుంబరావు. ఆయన ఎవరు? మార్క్సిస్టు, హేతువాది. మధ్యతరగతి జీవితాన్ని కత్తితో కోసి చూపించినట్టు "చదువు" వంటి నవలలు రాసిన వాస్తవికవాది. అలాంటి మనిషి పత్రికలో నెలనెలా రాజు శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం వైపు నడిచాడు! శంకర్ గీసిన ఆ బొమ్మ చూడని మన తరం తెలుగువాళ్లు అరుదు. పాత 25 కథలు ఎప్పుడో అయిపోయాయి. ఆ చట్రంలో వందల కొత్త కథలు పుట్టాయి. దాసరి సుబ్రహ్మణ్యం తన పేరు కూడా వేసుకోకుండా "తోకచుక్క", "మకరదేవత" లాంటి సీరియళ్లు రాశారు.

కుటుంబరావుగారికి ఇందులో ఇరకాటం కనబడలేదనే నాకనిపిస్తుంది. భేతాళకథ పిల్లాడికి దయ్యాన్ని నమ్మమని చెప్పదు. వింతని ఒప్పుకుని, అందులోంచి ఆలోచించి ఒక తీర్పు చెప్పమంటుంది. అది తర్కం నేర్పే పద్ధతి. పైగా ఆ కథలన్నీ పిల్లలకి అర్థమయ్యే తేటతెలుగులో ఉండాలని పట్టుబట్టడం వల్ల, "చందమామ" రెండు మూడు తరాలకి తెలుగు చదవడం నేర్పింది. మా నాన్న అక్షరాలు బడిలో నేర్చుకున్నా, చదవడం మాత్రం చందమామలోనే నేర్చుకున్నానంటారు. మూఢనమ్మకం భయంతో పిల్లాడి నోరు మూయిస్తుంది. భేతాళుడు ప్రశ్న వేసి నోరు తెరిపిస్తాడు. తల్లిదండ్రులకి నేను చెప్పే జవాబు ఇదే.

పేరు మనకి తర్వాత వచ్చింది

వాస్తవంలో వింతని మామూలు విషయంలా కలిపి చెప్పే రచనకి ఇప్పుడు మాంత్రిక వాస్తవికత అని పేరు. ఆ మాట 1925లో జర్మన్ కళావిమర్శకుడు ఫ్రాంజ్ రో చిత్రకళ గురించి వాడింది. 1949లో క్యూబా రచయిత అలెహో కార్పెంతియర్ తమ ఖండంలో అద్భుతం నిత్యజీవితంలోనే ఉందన్నాడు. 1967లో గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ "నూరేళ్ల ఏకాంతం" నవలతో అది ప్రపంచమంతా తెలిసింది. ఆయన ఆ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నాడు? చిన్నప్పుడు తన అమ్మమ్మ ఎంత నమ్మలేని విషయాన్నైనా మొహంలో ఏ మార్పూ లేకుండా చెప్పేదని, ఆ గొంతు పట్టుకున్నాకే నవల వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. అమ్మమ్మ గొంతు! అది మనకి దిగుమతి సరుకా చెప్పండి.

తెలుగులో ఈ ధోరణికి మునిపల్లె రాజు, వి. చంద్రశేఖరరావు పేర్లు ముందు చెప్తారు. మునిపల్లె రాజు కథల సంపుటి "అస్తిత్వనదం ఆవలి తీరాన"కి 2006లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకి వైద్యం చేసిన డాక్టర్ కేశవరెడ్డి "మునెమ్మ" రాశారు. భర్త తిరిగి రాలేదు, అతనితో వెళ్లిన బొల్లిగిత్త వచ్చింది. ఏం జరిగిందో తెలుసుకోవడానికి మునెమ్మ ఆ గిత్తని వెంటబెట్టుకుని బయల్దేరుతుంది. పల్లెజీవితం అణువణువూ నిజం. ఆ మనిషికీ ఆ పశువుకీ మధ్య ఉన్న బంధం మాత్రం మన కొలతలకి లొంగదు. ఇవి పెద్దలు చదవాల్సినవి, పిల్లలకి కాదు. తల్లిదండ్రులు చదివితే బాగుంటుందని చెప్తున్నాను.

తరగతిలో

ఇంత చరిత్రా చదివాక నేను మార్చుకున్నవి ఇవి.

"నిజమేనా?" అని అడిగితే "కాదు" అని మూసేయను. "ఇందులో ఏది జరగొచ్చు, ఏది జరగదు?" అని బోర్డు మీద రెండు వరసలు రాయిస్తాను. ఆ తర్వాత మూడో ప్రశ్న: "జరగనిది తీసేస్తే కథలో ఏం పోతుంది?" అసలు పాఠం అక్కడ మొదలవుతుంది.

పురాణకథ చెప్పేటప్పుడు "ఇది జరిగింది", "ఇది కల్పన" అని తీర్పు ఇవ్వను. అది ఒక్కో ఇంటి నమ్మకం. మన బడికి అన్ని మతాల ఇళ్లనుంచీ, ఏ మతమూ లేని ఇళ్లనుంచీ పిల్లలు వస్తారు. "కథలో ఇలా ఉంది" అంటే చాలు. కానీ మనుషుల్ని మంత్రగాళ్లనడం, జబ్బుకి తాయెత్తు కట్టడం లాంటి మాట వస్తే మాత్రం, అది కథ కాదని, తప్పని స్పష్టంగా చెప్పాలి.

వింత రాయమన్నప్పుడు దాని చుట్టూ ఉన్నది నిజంగా ఉండాలంటాను. ఎగిరే మంచం రాయొచ్చు, కానీ ఏ రంగు దుప్పటి, ఏ వీధి మీదుగా, కింద ఏ బస్సు కనబడిందో చెప్పాలి. పదాలు అక్కడ పుడతాయి. దుప్పటి, కిటికీ, చలి, తడి. వ్యాకరణం క్లాసులో రాని మాటలు ఇక్కడ అడిగి మరీ నేర్చుకుంటున్నారు.

ఎర్ర పెన్ను ఒత్తుకీ దీర్ఘానికే. పిల్లలు చూసినదానికి కాదు.

ఇక ఆ పాప సంగతి. పోయిన టర్ములో నోటుపుస్తకం తీసి, నా ఎర్ర వాక్యం కొట్టేసి, ఆమె పక్కన కూర్చున్నాను. "నేను రాసింది తప్పు. అమ్మమ్మ కుర్చీ గురించి నువ్వు రాసింది బాగుంది. ఇంకా రాస్తావా?" అన్నాను. కాసేపు ఊరుకుని, "ఇప్పుడు ఆ కుర్చీ లేదు టీచర్. తాతయ్య ఆ ఇల్లు ఖాళీ చేసి మామయ్య దగ్గరికి వెళ్లిపోయాడు" అంది. నేనేం చెప్పాలో నాకు తోచలేదు. ఆలస్యం చేశానని మాత్రం అర్థమైంది.

రెండు వారాల తర్వాత ఇంటిపనితో పాటు ఒక కాగితం ఇచ్చింది. ఆరు వాక్యాలు. మామయ్య వాళ్ల అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఉందట. అమ్మమ్మకి లిఫ్ట్ అంటే భయమట. అందుకని మెట్లెక్కి వస్తోందట, ఇంకా మూడో అంతస్తులోనే ఉందట. "అంతస్తు"లో ఒత్తు తప్పింది. దిద్దాను. మిగతాదంతా అలాగే ఉంచి, కింద "తర్వాత ఏమైంది?" అని రాసిచ్చాను.